తూకం ముందు రోజు

"ఒకడు శవమై ఆసుపత్రిలో ఉన్నాడు. రెండోవాడు సంకెళ్ళతో లోపలున్నాడు. ఆ రెండోవాణ్ణయినా నాకు ఇప్పించమ్మా. ఇంకేం అడగను."

జిమ్ బయట పాత టైరు మీద కూర్చున్న తల్లి అడిగింది అంతే. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పాతికేళ్ళుగా కుట్టుమిషను మీద వంగి పనిచేసిన నడుము నిన్న పొద్దుట్నించి ఇంకాస్త వంగిపోయినట్టుంది.

"నా చేతనైనంత చూస్తానక్కా," అంది డిటెక్టివ్. అంతకు మించి మాటివ్వడం ఆమెకు అలవాటు లేదు.

పోలీసు డిపార్ట్‌మెంటులో ఆమెను అందరూ 'అత్తగారు' అంటారు. వయసు చూసి పెట్టిన పేరు కాదది. కొత్త కోడలు వండిన కూరకి వంక వెతికినట్టు ప్రతి సాక్ష్యానికీ వంక వెతుకుతుందని పెట్టింది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టి ఏళ్ళు గడిచినా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఇప్పుడు షెడ్డు లోపలే ఉన్నాడు. ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడు, ఇవాళ ఇన్‌స్పెక్టరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. పోనీ తెలివితక్కువవాడా అంటే అదీ కాదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

"రండి అత్తగారూ, రండి. కాస్త ఆలస్యంగా వచ్చారు. కేసు అయిపోయింది," అన్నాడు ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే.

"అయిపోతే ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?"

"ఎలా చేశాడో చేసి చూపించమని కుర్రాణ్ణి తీసుకొచ్చాను. మధ్యాహ్నం కోర్టులో హాజరుపరుస్తాను. హత్య కేసు."

రేకుల షెడ్డు. రబ్బరు వాసన, చెమట వాసన, చేతులకి రాసుకునే సుద్దపొడి వాసన. మధ్యలో ఇనప బెంచీ, దాని తలవైపు రెండు స్టాండ్లు, వాటి కొక్కేల మీద బార్. ఆ బెంచీ, ఆ స్టాండ్లు చనిపోయినవాడే చేశాడు. వాడు వెల్డరు. ఇంట్లోనూ ఇక్కడా అందరికీ 'పెద్దోడు'. మూలన ఇనప ప్లేట్ల దొంతర మీద తల వంచుకుని కూర్చున్నవాడు 'చిన్నోడు'. గ్యాస్ సిలిండర్లు మోసే పని వాడిది. ఇంటింటికీ నాలుగేసి అంతస్తులు సిలిండరు మోసే ఆ భుజాలు ఇప్పుడు తడిసిన గుడ్డలా వేలాడుతున్నాయి.

"మొదట్నించీ చెప్పు," అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు హుషారుగా మొదలుపెట్టాడు. "నిన్న పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ వచ్చారు. కోచ్ తాళం తీసిచ్చి పక్క షాపులో టీకి వెళ్ళాడు. పావుగంట తిరక్కుండా ఇనుము మోగిన చప్పుడు, తమ్ముడి కేక. పరిగెత్తుకొచ్చి చూస్తే అన్న బెంచీ మీద వెల్లకిలా పడి ఉన్నాడు, ఊపిరి లేదు. ఛాతీ మీద బార్ ఆనిన గీత. బార్ మాత్రం పైన కొక్కేల మీద ఉంది. వీడేమన్నాడో తెలుసా? 'నేను బయట కుళాయి దగ్గర నీళ్ళు పడుతున్నాను. వచ్చి చూసేసరికి బార్ అన్న మీద పడి ఉంది. తీసి పైన పెట్టాను' అని. పచ్చి అబద్ధం."

"అబద్ధమని ఎవరు చెప్పారు?"

"ఇవి చెప్పాయి." బార్ రెండు చివర్లా ప్లేట్లు జారిపోకుండా బిగించిన క్లిప్పుల్ని వేలితో చూపించాడు. "ఒంటరిగా బెంచీ మీద పడుకుని బార్ ఎత్తేవాడెవడూ క్లిప్పులు పెట్టడు. కావాలంటే కోచ్‌ని అడగండి."

కోచ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మోకాళ్ళు అరిగిపోయిన పాత లిఫ్టరు. శిష్యులందరికీ 'బండ మాస్టారు'. మాట బండగానే ఉంటుంది, మనసు మాత్రం వెన్నంటారు. ఇవాళ ఆ గొంతులో బండతనం ఏమీ మిగల్లేదు.

"నిజమేనమ్మా. పక్కన మనిషి లేనప్పుడు బార్ ఛాతీ మీద ఇరుక్కుందనుకోండి, ఒక పక్కకి వంచుతాం. ప్లేట్లు జారి కింద పడతాయి, ప్రాణం దక్కుతుంది. క్లిప్పు ఉంటే జారవు. అందుకే ఒంటరిగా క్లిప్పు పెడితే చెవి మెలేసి బయటికి గెంటుతాను. పెద్దోడికి ఇది నేను నేర్పక్కర్లేదు, వాడే పదిమందికి నేర్పేవాడు."

"అంటే క్లిప్పు ఉందంటే బార్ అందుకోడానికి తలవైపు మనిషి ఉన్నట్టే," అంది డిటెక్టివ్.

"ఉన్నట్టే," అన్నాడు కోచ్, చిన్నోడి వైపు చూడలేక నేల చూస్తూ.

ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడిచాడు. "మనిషి అక్కడే ఉన్నాడు, లేనన్నాడు. ముందురోజు ఇదే షెడ్డులో అన్నదమ్ములు అరుచుకున్నారు, పక్క టైర్ల షాపు మొత్తం వింది. ఎందుకంటారా? బరువులెత్తే పోటీకి ఒక జిమ్ నుంచి ఒక బరువు కేటగిరీకి ఒక్కడే వెళ్ళాలి. వీళ్ళిద్దరిదీ ఒకటే బరువు. అన్న ఉన్నంత కాలం తమ్ముడికి జాగా లేదు. ఇవాళ పోటీవాళ్ళ ఒంటి బరువు చూసే తూకం. నిన్న అన్న పోయాడు. ఇంకేం కావాలి మీకు?"

డిటెక్టివ్ బార్ దగ్గరికెళ్ళి ప్లేట్ల మీద అంకెలు చూసింది. అటొక ఇరవై కిలోలు, ఇటొక ఇరవై. బార్ ఇరవై.

"మాస్టారూ, పెద్దోడు ఎంత ఎత్తేవాడు?"

"నూట నలభై."

"మరి ఈ అరవై?"

"ఒళ్ళు వేడెక్కడానికమ్మా. వాడికది ఆటబొమ్మ."

బెంచీ కాళ్ళ దగ్గర పెద్దోడి సంచి ఉంది. ఇన్‌స్పెక్టరు వద్దనేలోపే ఆమె గుడ్డ చుట్టుకున్న చేత్తో తెరిచింది. నడుముకి కట్టే తోలు బెల్టు, ఖాళీ నీళ్ళ సీసా, అన్నం కారియరు. మణికట్టుకి చుట్టుకునే పట్టీలు రెండు, చుట్టలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. అంచుల వెంట కుట్టు చూస్తే మిషను చేయి తిరిగినవాళ్ళు వేసిందని తెలుస్తోంది.

"వాళ్ళమ్మ కుట్టినవి," అన్నాడు కోచ్. "ఈ షెడ్డులో అందరి పట్టీలూ ఆవిడే కుట్టింది. బరువు పెరిగాకే చుట్టుకుంటాం."

"అంటే నిన్న బరువు పెరగనే లేదు. ఆటబొమ్మ దగ్గరే పోయాడు." ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "ఆటబొమ్మతో ఎలా చంపుతారు నాయనా?"

"తలవైపు నిలబడి పైనుంచి తన బరువంతా వేసి ఒత్తాడు. ఊపిరాడకుండా చేశాడు."

"బార్ మీద చెయ్యి పెట్టి చూడు."

"ఎందుకు?"

"పెట్టవయ్యా."

పెట్టాడు. పట్టు జారకుండా బార్ మీద చెక్కిన గరుకు గీతలు అరచేతిని ఆకురాయిలా గీరాయి. ఆమె నిమిషం సేపు అలాగే గట్టిగా ఒత్తమంది. చెయ్యి తీస్తే అరచేతిలో చిన్న చిన్న గళ్ళు ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి.

"నీ ఒక్క చేతి బలానికే ఇంత అచ్చు పడింది. మధ్యలో కూడా గరుకుంది, ఛాతీకి ఆనేది అక్కడే. ఎనభై కిలోల మనిషి పైనుంచి ఒత్తితే పల్చటి బనీను కింద చర్మం ఎలా ఉండాలి? పోస్టుమార్టం ఫోటో తియ్యి."

ఇన్‌స్పెక్టరు ఫైలు తీశాడు. ఛాతీ మీద ఒకే ఒక్క లేత గీత. గళ్ళు లేవు. పక్కటెముకలు విరగలేదని కింద డాక్టరు రాశాడు.

"బార్ వాణ్ణి చంపలేదు. బార్ ఆనేటప్పటికే వాడు పోయాడు."

ఇన్‌స్పెక్టరు ఫోటోని రెండుసార్లు తిప్పి చూశాడు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషైతే ఇన్‌స్పెక్టరే ఎందుకవుతాడు? "సరే. మరి వీడు అబద్ధమెందుకాడాడు?" అన్నాడు.

"అది నాకూ తెలియాలి."

ఆమె ఒక స్టూలు లాక్కుని చిన్నోడి ఎదురుగా కూర్చుంది. వాడు తలెత్తలేదు.

"క్లిప్పులు ఎవరు పెట్టారు?"

"నేనే."

"తలవైపు నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"మరి కుళాయి దగ్గరున్నానని ఎందుకన్నావు?"

వాడు తలెత్తాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "నేనే చంపాను మేడమ్. రాసేసుకోండి."

"విన్నారా!" ఇన్‌స్పెక్టరు ఒక్క అడుగులో ముందుకొచ్చాడు.

"నాకు చెవుడు లేదు. నువ్వు కాస్త ఆగు." ఆమె గొంతు తగ్గించింది. "ఎలా చంపావు నాన్నా?"

ఆ 'నాన్నా' అన్న పిలుపుకి వాడు నిలవలేకపోయాడు. సంకెళ్ళున్న చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు. ఏడుపు మధ్యలోంచి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"ఈసారి పోటీకి నువ్వు వెళ్ళరా అన్నాడు మా అన్న. నేను చాలాసార్లు వెళ్ళాను, నీకిప్పుడిప్పుడే బరువు పలుకుతోంది, నేను కింద కేటగిరీకి దిగిపోతాను, మన జాగా నీది అన్నాడు. నాకొద్దన్నాను. తిండి మానేసి, నీళ్ళు మానేసి నువ్విచ్చే జాగా నాకెందుకన్నాను. అదే మేడమ్ ఆ గొడవ. వాడు వింటేగా! చిన్నప్పుడు స్కూలుకి ఒకటే గొడుగుంటే అదీ నాకే ఇచ్చేవాడు."

కోచ్ గోడవైపు తిరిగిపోయాడు. "చిలక్కి చెప్పినట్టు చెప్పానమ్మా, అన్ని కిలోలు ఇంత తొందరగా దించొద్దని," అన్నాడు గోడతోనే. "మొదట బిందెలకి బిందెలు నీళ్ళు తాగి, తర్వాత ఒక్కసారిగా మానేస్తారు. ఉప్పు మానేస్తారు. ఉప్పు ఒంట్లో నీరు పట్టి ఉంచుతుందని. తూకం అయ్యాక మళ్ళీ తిని తాగి నిలబడతారు. అందరూ చేసేదే."

"చివరి కిలో దిగలేదు," అన్నాడు చిన్నోడు. "ఒంట్లో నీరు తీసేసే మాత్రలుంటాయట, తెచ్చిపెట్టరా అన్నాడు. నేనే తెచ్చాను. చీటీ లేకుండా మందుల షాపువాణ్ణి బతిమాలి మరీ తెచ్చాను. రోజుకొకటి చొప్పున మూడు వేసుకున్నాడు. నిన్న పొద్దున చేతులు బరువుగా ఉన్నాయిరా అన్నాడు. నాలుగుసార్లు ఎత్తాడు. ఐదోసారి దించి ఆగిపోయాడు. వేళాకోళమాడుతున్నాడనుకున్నాను మేడమ్! మధ్యలో ఆపేసి నన్ను హడలగొట్టడం వాడికి సరదా. 'లేపన్నా, చాల్లే నీ నాటకాలు' అని నవ్వాను కూడా. నవ్వాను! బార్ పట్టుకునేసరికి వాడి వేళ్ళు దాని మీద లేవు."

డిటెక్టివ్ వాడి మోకాలి మీద చెయ్యి వేసింది.

"అక్కడున్నానంటే ఏం జరిగిందని అడుగుతారు. మాత్రల సంగతి బయటికొస్తుంది. అమ్మకి తెలుస్తుంది. అందుకే లేనన్నాను. నన్ను ఏ జైల్లోనైనా వెయ్యండి గానీ అమ్మకి మాత్రం చెప్పకండి."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. డిటెక్టివ్ ఫోను తీసి పోస్టుమార్టం చేసిన డాక్టరుకి చేసింది. అందరూ వినేలా స్పీకరు పెట్టి, చిన్నోణ్ణి అడిగి మాత్ర పేరు, పెద్దోడు వేసుకున్న లెక్క చెప్పింది.

"రోజుకొకటా? అదొక్కటే అయితే ఆ వయసువాడికి గుండె ఆగదండీ," అన్నాడు డాక్టరు. "కళ్ళు తిరుగుతాయి, నీరసిస్తాడు, అంతే. కాకపోతే ఈ రకం మాత్ర పొటాషియాన్ని ఒంట్లోంచి పోనివ్వదు. నీళ్ళు తాగకపోతే మూత్రపిండాలు కూడా దాన్ని బయటికి నెట్టలేవు. అప్పుడు ఎక్కడినుంచో బోలెడు పొటాషియం లోపలికి వెళ్తే గుండె టక్కున ఆగిపోతుంది. ఏం తినేవాడు?"

"ఉడికించిన కోడిమాంసం, అన్నం. ఉప్పు లేకుండా," అన్నాడు కోచ్.

"దాంట్లో అంత ఉండదే. మరేదో ఉండాలి."

చిన్నోడు ముక్కు తుడుచుకుంటూ, తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. "మొదట్లో చప్పిడి కూడు దిగక ఏడ్చేవాడు. ఆఖరి మూడ్రోజులు మాత్రం బాగుందిరా అనేవాడు. కాస్త చేదు తగిలినా రుచి తెలుస్తోంది, నాలుకకి అలవాటైపోయింది, ఉప్పు లేకపోయినా ఉన్నట్టే ఉందిరా అని నవ్వేవాడు."

డిటెక్టివ్ ఆ మాటలే ఫోన్లో డాక్టరుకి తిరిగి చెప్పింది. అవతలి నుంచి డాక్టరు నెమ్మదిగా అడిగాడు. "ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళు వాడే వేరే ఉప్పు ఉంటుంది చూడండి. అందులో సగానికి సగం పొటాషియమే. మామూలుగా ప్రమాదం లేదు. ఈ మాత్రతో, నీళ్ళు లేని ఒంట్లో అయితే... ఆ కారియరు పరీక్షకి పంపండి. అప్పుడు గానీ ఖాయంగా చెప్పలేను."

ముప్పై ఏళ్ళలో ఎన్నో గుమ్మాలు దాటిన మనిషే. ఆ షెడ్డు గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది. అడక్కుండా వెళ్ళిపోతే? కారియరు ఎలాగూ లాబ్‌కి వెళ్తుంది. రేపు ఏ కానిస్టేబులో వచ్చి ఈ మాట ఆ తల్లి మొహాన కొట్టినట్టు చెప్తాడు. అంతకంటే తనే అడగడం నయమనుకుని వెళ్ళి టైరు పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, పెద్దోడి కారియరు మీరే సర్దేవారా?"

"నేను కాక ఎవరు సర్దుతారమ్మా?" కొడుకు తిండి మాట రాగానే ఆ మొహంలోకి కాస్త జీవం వచ్చింది. "ఉప్పు వద్దమ్మా, నీరు పడుతుంది, బరువు దిగదు అని ఒకటే గోల. రోజంతా నిప్పుల దగ్గర వెల్డింగ్ చేసొచ్చే పిల్లాడు చప్పిడి కూడు తింటుంటే నా నోటికి ముద్ద ఎలా దిగుతుంది? ముద్ద ముద్దకీ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. సగం వదిలేసేవాడు."

"అప్పుడు?"

"నాకు బీపీ అని డాక్టరు వేరే ఉప్పు రాశాడు. ఇది మామూలు ఉప్పు కాదు, ఒంట్లో నీరు పట్టదు అన్నాడు. నీరు పట్టని ఉప్పయితే వాడికీ మంచిదే కదా! చెప్తే ఒప్పుకోడని చెప్పకుండా కలిపాను. ఉడికే నీళ్ళలోనే వేసేదాన్ని, పూటపూటకీ కాస్త ఎక్కువే. ఆఖరి మూడ్రోజులూ కారియరు కడిగినట్టు ఖాళీ చేసి తెచ్చాడు. 'అమ్మా, ఇవాళ ఎంత బాగుందో' అన్నాడు. ఆ మాటే నాకు మిగిలిందమ్మా." పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఉన్నట్టుండి ఆగింది. "ఎందుకడిగావు?"

డిటెక్టివ్ నోరు విప్పేలోపే వెనక గుమ్మంలోంచి కేక వినపడింది.

"నేనే చంపానమ్మా!" చిన్నోడు తనని పట్టుకున్న కానిస్టేబుల్ని ఈడ్చుకుంటూ ముందుకొచ్చాడు. ఇందాకటి ఏడుపు లేదు, గొంతు పగిలిపోయేలా అరుస్తున్నాడు. "సార్, రాసుకోండి! తలవైపు నిలబడి బార్ ఒత్తాను. జాగా కోసం ఒత్తాను. మేడమ్ చెప్పేదేదీ వినకండి. కోర్టుకి పదండి, ఇప్పుడే పదండి!"

ఇన్‌స్పెక్టరు వాడి వెనకే నిలబడ్డాడు. తల్లి చెప్పిందంతా విన్నాడు. చేతిలో పెన్ను ఉంది, కాగితం ఉంది, అడక్కుండానే నిందితుడి ఒప్పుకోలు ఉంది. రాయలేదు. "అత్తగారూ," అన్నాడు, మొదటిసారి వేళాకోళం లేకుండా. "ఏం చెయ్యమంటారు?"

ఆమెకు మాత్రం ఏం తెలుసు? నోరు మూసుకుంటే ఆ తల్లికి రెండో కొడుకు దక్కడు. నోరు విప్పితే దక్కుతాడు, కానీ ఈ జన్మకి ఆ తల్లి మళ్ళీ పొయ్యి ముందు నిలబడి చేత్తో ఉప్పు ముట్టుకోలేదు.

తల్లి లేచి నిలబడింది. చిన్నోడి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"వీడు అబద్ధమాడితే నా కళ్ళలోకి చూడడు," అంది. ఆ తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఆ ఉప్పేనా?"

"ఒక్క ఉప్పు కాదక్కా. వాడు వేసుకున్న మాత్రలు, మానేసిన నీళ్ళు, అన్నీ కలిసి..."

"ఆ ఉప్పేనా?"

"అందులో అదీ ఉందక్కా," అంది డిటెక్టివ్.

తల్లి తల ఊపింది. అరవలేదు, గుండెలు బాదుకోలేదు. అర్థమైన మనిషి ఊపినట్టు రెండుసార్లు ఊపింది. తర్వాత సూదిపోట్లతో గట్టిపడ్డ రెండు చేతులూ ఇన్‌స్పెక్టరు ముందు చాపింది.

"అయితే వాడి సంకెళ్ళు తీసెయ్యి బాబూ. వాడు పొద్దుట్నించీ ఏమీ తినలేదు."